ముందు సీటు

కౌసల్యమ్మ చచ్చిపోయినప్పుడు డ్యూటీలో లేదు. సైటు గేటు ముందు ఫోటో దిగితేనే డ్యూటీ. అది దయాకర్ పెట్టిన రూలు. ఫోటో ఎనిమిదింటికి తీస్తారు. ఆమె ఏడుంబావుకే చచ్చిపోయింది.

దయాకర్ కాంట్రాక్టరు. కొత్తగా కట్టిన అపార్టుమెంట్లను జనం చేరకముందు కడిగించి ఇస్తాడు. అతని గోదాం నాచారంలో. పనివాళ్ళు పొద్దున ఐదున్నరకు గోదాంలో ఉండాలి. యాసిడ్ డ్రమ్ములు, నేల రుద్దే మిషన్లు, నిచ్చెనలు డీసీఎం బండిలోకి ఎక్కించాలి. ఆ సామాను మీదే ఎక్కి కూర్చుని ఉప్పల్ రింగురోడ్డు దాటి, బోడుప్పల్ దాటి, ఘట్‌కేసర్ అవతలి సైటుకు పోవాలి. అక్కడ సామాను దింపాలి. దింపాక సూపర్వైజర్ అందర్నీ రెండు వరసల్లో నిలబెట్టి, ఫోన్లో ఫోటో తీసి ఆఫీసుకు పంపుతాడు. ఆ క్షణం నుంచి మనిషి దయాకర్ మనిషి. అంతకు ముందు రెండున్నర గంటలు ఎవడి మనిషో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆరింటికి ఇంకో ఫోటో. ఆ తర్వాత మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ మోయడం, మళ్ళీ గోదాంలో దింపడం. ఆ పొద్దు కూడా ఎవరి ఖాతాలోనూ లేదు.

ఈ ముఠాకు మేస్త్రి హన్మయ్య. జనగామ వైపు పల్లె. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాడు. ఇరవై రెండు మందిలో తెలుగు గడగడా చదవగలిగినవాడు అతనొక్కడే కాబట్టి పేర్ల చిట్టా అతని చేతికొచ్చింది. చిట్టాతో పాటు ముందు సీటు వచ్చింది. బండిలో డ్రైవర్ పక్కన ఒక్కటే సీటు. అది మేస్త్రిది. కూలివాళ్ళు వెనక సామాను మీద కూర్చోవాలి. ఎవరైనా చుట్టమో, దయాకర్ మనిషో లిఫ్టు అడిగి వస్తే వాళ్ళను ముందు కూర్చోబెట్టి మేస్త్రి వెనక్కి పోవాలి. ఒకసారి దయాకర్ బామ్మర్ది ఉప్పల్ దాకా వచ్చాడు. ఆ రోజు హన్మయ్య నోరెత్తకుండా దిగి డ్రమ్ముల మీద కూర్చున్నాడు. ఈ పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరూ తప్పలేదు కూడా.

కౌసల్యమ్మ హన్మయ్య భార్య. ఆమె వెనక కూర్చునేది.

డ్రమ్ములు కట్టే మోకు తెగి నెల దాటింది. హన్మయ్య రెండుసార్లు అడిగాడు. పంపిస్తా అన్నాడు దయాకర్. పంపలేదు. ఆ రోజు బోడుప్పల్ దాటాక ముందుపోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. డ్రైవర్ కనకరాజు బ్రేకు తొక్కాడు. లారీకి జానెడు దూరంలో బండి ఆగింది. డ్రమ్ములు ఆగలేదు. ముందుకు జారి, గోడకు కొట్టుకుని, తిరిగి వెనక్కి దొర్లాయి. వెనక తలుపుకు ఆనుకుని కూర్చున్నది కౌసల్యమ్మ. రెండు వందల లీటర్ల డ్రమ్ము ఆమె రొమ్ము మీదికి వచ్చింది. ఆమె కేక కూడా వేయలేదు. వేయడానికి ఊపిరి ఏది?

హన్మయ్య ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాడు. మిగిలినవాళ్ళు రోడ్డు మీద నిలబడి ఉండగానే కనకరాజు ఫోను మోగింది. సామాను ఆగొద్దు, సైటుకు పొమ్మని దయాకర్ చెప్పాడు. పోయారు. సామాను దింపారు. ఇరవై మంది ఫోటో దిగారు. చీరలకు నెత్తురు అంటిన వాళ్ళను వెనక వరసలో నిలబడమన్నాడు సూపర్వైజర్.

మధ్యాహ్నానికి దయాకర్ శవాల గది దగ్గరికి వచ్చాడు. హన్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు. జేబులోంచి కాగితం తీశాడు. కౌసల్యమ్మ ఆ రోజు పనికి రాలేదనీ, ఘట్‌కేసర్‌లో చుట్టాల ఇంటికి పోవడానికి లిఫ్టు అడిగి బండి ఎక్కిందనీ అందులో రాసి ఉంది. సంతకం పెడితే పొద్దుగూకేలోపు శవాన్ని ఇప్పిస్తానన్నాడు. పెట్టకపోతే కేసు పోయి పోయి డ్రైవర్ మెడకే చుట్టుకుంటుందన్నాడు. డ్రైవర్ కనకరాజు కౌసల్యమ్మ అన్న కొడుకు. ఆమె చేతుల్లో పెరిగినవాడు. అతన్ని ఊరి నుంచి తెచ్చి ఆ బండి మీద పెట్టింది కూడా ఆమే.

హన్మయ్య కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్ళీ చదివాడు. సంతకం పెట్టాడు.

చదువురాక పెట్టిన వేలిముద్రయితే ఎవరైనా క్షమిస్తారు. అతను చదివి పెట్టాడు.

దినం అయిపోయిన మర్నాడు హన్మయ్య గోదాంకు వచ్చాడు. బండి కడిగి ఉంది. మోకు అప్పటికీ రాలేదు. అతను చిట్టా తెరిచి పేర్లు పిలిచాడు. పదమూడో పేరు దగ్గర ఆగాడు. ఎవరో ఆ పేరు మీద గీత కొట్టేశారు. అందరూ ఎక్కాక కనకరాజు అతని కోసం ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. హన్మయ్య ఆ తలుపు వైపు చూడకుండా వెనక్కి పోయి డ్రమ్ముల మీద కూర్చున్నాడు. ఆ రోజు ముందు సీటు ఖాళీగా పోయింది. తర్వాతి రోజుల్లో కూడా.

వెనక ఎక్కాక అతనికి చాలా సంగతులు తెలిశాయి. ఆరేళ్ళు ముందు కూర్చున్నవాడికి ఇవేవీ తెలియవు. గుంత వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుంటారు. మూత్రానికి ఆపమని అడగలేక తెల్లవారు నుంచి నీళ్ళు తాగరు. యాసిడ్ మూత వదులైతే కొంగు అడ్డం పెట్టుకుంటారు.

ఘట్‌కేసర్ ఊళ్ళోకి రాగానే, ముఠాలో పనిచేసే గ్రేసీ మెడ సాచి ఒక సందులోకి చూసింది. ఎందుకని అడిగాడు. అది ఆమె ఇల్లున్న సందు.

"నా ఇల్లు ఈడనే అన్నా. సైటుకు నడిస్తే పావుగంట. నాలుగింటికి లేసి నాచారం వొస్త, డ్రమ్ములెక్కిస్త, మల్ల నా ఇంటి ముంగట్నుంచే పోత. నా బిడ్డ బడికి తయారై గడపల నిలవడ్తది. డ్రమ్ము మీదికెళ్ళి సూస్త."

ఆరేళ్ళుగా చిట్టాలో గ్రేసీ పేరు పిలిచినవాడికి ఆమె ఇల్లెక్కడో తెలియదు.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక గ్రేసీ అతన్ని మల్లాపూర్‌లోని యూనియన్ గదికి తీసుకుపోయింది. యూనియన్ నడిపే జీవన్ కుమార్ ఆమె చర్చి మనిషే. ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసి, సమ్మె చేసి, పని పోగొట్టుకున్నవాడు. ముఠాలో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చారు. గదిలో రేకుల వేడి. ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు.

జీవన్ కుమార్ ఉపన్యాసం చెప్పలేదు. రోజు ఎట్లా గడుస్తుందో ఒక్కొక్కర్ని అడిగాడు. అందరూ చెప్పాక అన్నాడు.

"ఇంటి నుంచి గోదాం దాక మీ దారి. దాన్ని ఎవడూ లెక్కగట్టడు. గోదాం నుంచి సైటు దాక ఆనిది. ఆడు రమ్మన్న కాడికి వొచ్చి, ఆని సామాను ఎత్తి, ఆని బండెక్కి, ఆడు పొమ్మన్న కాడికి పోవుడు పనే. కూలి ఇయ్యాలె. ఆ నడుమ మనిషి పోతే పనిల పోయినట్టే. కానూన్ల గిట్లనే ఉన్నది. గాని కానూను దానంతటది నడిసి రాదు. మోసుకపోవాలె."

తారామణి లేచింది. ముఠాలో అందరికంటే పెద్దది. నోరూ అందరికంటే పెద్దదే. మోసుడు ఆరేళ్ళ నుంచి చేస్తున్నామనీ, డ్రమ్ములు మోసి మోసి నడుములు పోయినాయనీ, ఇప్పుడు కానూను కూడా తమ నెత్తినే పెడుతున్నాడనీ అన్నది. కొందరు నవ్వారు. ఒకడు, పని పోతే బోడుప్పల్ కూలీల అడ్డా మీద నిలబడాలి, అక్కడ ఇప్పటికే మనుషులు ఎక్కువైనారు అన్నాడు. ఇంకొకామె, పోయిన మనిషి ఎట్లాగూ రాదు అని మెల్లగా అని, హన్మయ్యను చూసి తల దించుకుంది. వాదన గంటసేపు నడిచింది. ఫోటోలన్నీ దయాకర్ దగ్గర, తమ దగ్గర ఏముంది? అక్కడికే వచ్చి ఆగుతున్నారు.

అప్పుడు గ్రేసీ చెప్పింది. కిందటేడు తను దయాకర్‌ను అడిగిందట, గోదాంకు రాకుండా సీదా సైటుకే వస్తానని. నువ్వు సీదా వస్తే సామాను నీ యేసయ్య ఎక్కిస్తాడా అన్నాడట.

"ఎక్కిస్తడు తియ్," అన్నది తారామణి. "వడ్రంగి ఇంట్ల పుట్టినోడేనాయె. మోసుడు తెల్వదా ఆయనకు."

గదంతా నవ్వింది. గ్రేసీ కూడా నవ్వింది. తారామణి మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఏదో తట్టినట్టు కొంగు నడుముకు చుట్టుకుంది.

"ఫోటో కాడనే డ్యూటీ అంటడు గదా. మరి ఫోటో కాడికే పోదాం. అందరం. సీదా. సామానుకు మనకు ఏం సంబంధం?"

ఇది సమ్మె కాదు. పని మానడం కాదు. దయాకర్ రూలును దయాకర్ కంటే గట్టిగా పాటించడం. రేపు పొద్దున ఎనిమిదింటికి అందరూ సైటు గేటు దగ్గర ఉండాలి, చేతులు ఊపుకుంటూ. ఒక్కరు గోదాంకు పోయినా పాచిక పారదు. చేతులెత్తమన్నారు. ఎత్తారు. అడ్డా గురించి భయపడ్డవాడు అందరికంటే ఆఖరున ఎత్తాడు.

జీవన్ కుమార్ హన్మయ్య వైపు తిరిగి, ఏమైనా కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాడు.

హన్మయ్య చెప్పాడు. ఏమీ దాచకుండా, తల ఎత్తకుండా చెప్పాడు.

"సదివినవా?" అని అడిగింది తారామణి.

"సదివిన."

"సదివి, నీ పెండ్లాం చుట్టాలింటికి పోయిందని ఒప్పుకున్నవా? నీ చదువుల మన్నుబడ."

కనకరాజు మూల నుంచి లేచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు ఆ పదిహేను రోజుల్లో. నా కోసం పెట్టినవా మామా అని అడిగాడు. కనకరాజు అక్కడే నేల మీద కూర్చుని, మోకు లేని సంగతి తనకూ తెలుసుననీ, తెలిసే బండి తీశాననీ, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాననీ అన్నాడు. తర్వాత ఏమైనా కానిమ్మన్నాడు.

సోమవారం ఎనిమిదింటికి అందరూ సైటు గేటు దగ్గర ఉన్నారు. కొందరు ఉప్పల్ నుంచి బస్సులో వచ్చారు. కొందరు రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలు మారి వచ్చారు. గ్రేసీ తన బిడ్డను బడిలో దింపి నడుచుకుంటూ వచ్చింది. రెండు వరసల్లో నిలబడ్డారు. ముందు వరసలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు. ఎవరూ చెప్పుకోలేదు. గ్రేసీకీ తారామణికీ నడుమ కౌసల్యమ్మ నిలబడే చోటు అది. జరగడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

సూపర్వైజర్ అలవాటు కొద్దీ ఫోటో తీశాడు. అలవాటు కొద్దీ ఆఫీసుకు పంపాడు. పంపాక చూశాడు. బండి లేదు, డ్రమ్ముల్లేవు, మిషన్లు లేవు. సామానేదని అడిగితే గోదాంలో భద్రంగా ఉందన్నారు.

తొమ్మిదింటికి దయాకర్ కారు వచ్చింది. బిల్డర్ ఇంజనీరు అప్పటికే గేటు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఎల్లుండి ఇళ్ళు అప్పజెప్పాలి. వాచ్‌మెన్లు, పెయింటర్లు, లిఫ్టు పనివాళ్ళు గుమిగూడారు. దయాకర్ కారు దిగుతూనే తిట్లు మొదలుపెట్టాడు. ఎవర్ని అడిగి గోదాంకు రాలేదన్నాడు. తన ఉప్పు తిని తననే రోడ్డున పెడతారా అన్నాడు. గ్రేసీ ఫోను గుండెకు ఆనించి పట్టుకుని, రికార్డు నొక్కి, ముందుకు వచ్చింది.

"డ్యూటీ ఏడ షురువైతది సార్? ఫోటో కాడ గదా. ఫోటో దిగినం. పని జెప్పుండ్రి, జేస్తం."

"ఎవలు జెప్పిన్రే నీకు? పొద్దుగాల ఐదున్నరకు గోదాంల ఉండుడే డ్యూటీ. సామాను ఎక్కియ్యంది, బండితోని రాంది డ్యూటీ ఎట్లైతది?"

తారామణి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "మల్లోపారి జెప్పు సారూ. నా చెవు జర మందం."

కోపంలో ఉన్నవాడు మళ్ళీ చెప్పాడు. ఇంకా గట్టిగా చెప్పాడు. గేటు దగ్గర ఉన్న నలభై మందీ విన్నారు. ఇంజనీరు విన్నాడు. చెప్పాక గాని దయాకర్‌కు తన నోరు ఏం చేసిందో తెలియలేదు. ఆ వరసలో ఖాళీ జాగా అప్పుడు చూశాడు.

హన్మయ్య ఆ ఖాళీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు కౌసల్య కూడా ఐదున్నరకే గోదాంలో ఉందనీ, ఆరు డ్రమ్ములు ఎక్కించిందనీ చెప్పి, మరి ఆమె డ్యూటీలో ఉన్నట్టా లేనట్టా అని అడిగాడు.

దయాకర్ తడబడలేదు. అట్లాంటివాళ్ళు తడబడరు. కారులో బయలుదేరేటప్పుడే పోలీసులకు ఫోను చేశాడు. జీపు అప్పుడే వచ్చి ఆగింది. అతను ఫోనులో ఉన్న ఆ కాగితం ఫోటో ఎస్సైకి చూపించాడు. ఎస్సై దాన్ని అందరికీ వినబడేట్టు చదివాడు. చుట్టాల ఇంటికి పోవడానికి లిఫ్టు అడిగి ఎక్కింది. కింద సంతకం. వరసలో కొందరి మొహాలు మాడిపోయాయి. నిన్న తల దించుకున్నామె ఇంకా దించుకుంది. ఇంజనీరు, ఇదంతా మీలో మీరు తేల్చుకోండి, నాకు పని కావాలి అన్నాడు. పెయింటర్లు వెనక్కి తిరిగారు.

"సంతకం నీదేనా?" అన్నాడు ఎస్సై.

"నాదే."

"మరి గీ లొల్లి ఏంది?"

అయిపోయింది. అంతా అక్కడితో అయిపోయి ఉండేది. హన్మయ్య దగ్గర ఇంకొక్క మాట మిగిలి ఉంది. అది సాక్ష్యమని అతనికి అప్పటిదాకా తోచలేదు. పదిహేను రోజులుగా తన పాపం అనుకున్నాడు. ఇప్పుడు చెప్పాడు.

"లిఫ్టు అడిగినోళ్ళు ముంగట కూసుంటరు సార్. మా బండిల అదే రివాజు. దయాకర్ సార్ బామ్మర్ది వొచ్చిననాడు నేను దిగి ఎన్క కూసున్న. అడుగుండ్రి, కాదంటడేమో. ఆ పొద్దు కౌసల్యకు జరం. ఒళ్ళు కాలుతున్నది. సామాను ఎక్కిచ్చినంక నా కాడికొచ్చి, ఇయ్యాల్టికి ముంగట కూసుంటనయ్యా అన్నది. ముందు సీటు మేస్త్రిది, కూలోళ్ళు ఎన్కనే అన్న. పెండ్లాన్ని కూసోబెట్టుకున్నడని నలుగురు అంటరని అన్న. ఆమె మల్ల అడగలే. పోయి ఎన్క ఎక్కింది. చుట్టాలింటికి పోయే మనిషైతే ముంగట కూసోబెట్టేటోన్ని. పనికొచ్చింది గాబట్టే ఎన్క ఎక్కిచ్చిన."

వెనక్కి తిరిగిన పెయింటర్లు మళ్ళీ ఇటు తిరిగారు.

"నేను విన్న," అన్నాడు కనకరాజు. "స్టీరింగ్ కాడ కూసోని విన్న. అప్పటికే మోకు తెగి నెలైంది. అడిగితే తేలే. రాసుకోండ్రి."

మేమూ చూశాం అన్నది గ్రేసీ. కౌసల్యమ్మ నిచ్చెన అందిస్తే తను పట్టుకున్నానన్నది. తారామణి, ఆరో డ్రమ్ము ఇద్దరం కలిసే ఎత్తినం అన్నది. తర్వాత ఒకరి మాట ఒకరికి వినబడలేదు. అడ్డా గురించి భయపడ్డవాడు అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు.

ఎస్సై రాసుకోలేదు. అబద్ధపు కాగితం ఇచ్చినందుకు హన్మయ్యనూ, మనిషిని చంపినందుకు కనకరాజునూ జీపెక్కమన్నాడు. మోకు తేనివాడిని ఎక్కమనలేదు. దయాకర్ అక్కడే అందరికీ పని లేదని చెప్పాడు. గోదాం ఛాయలకు రావద్దన్నాడు. పదిహేను మంది ఆడవాళ్ళు, వాళ్ళలో చాలామందికి రేపటి బియ్యం లేదు, జీపుకు అడ్డం వచ్చి నిలబడ్డారు. కానిస్టేబుళ్ళు లాఠీలతో తోశారు. తారామణి మోచెయ్యి చిట్లింది. ఆమె ఆ చేత్తోనే జీపు కడ్డీ పట్టుకుంది.

కానిస్టేబుల్‌కు హన్మయ్య వయసు చూసి జాలి కలిగిందేమో, పెద్దమనిషివి, ముందు కూర్చో అని డ్రైవర్ పక్క సీటు చూపించాడు. హన్మయ్య ఆ సీటును కాసేపు చూశాడు. వెనక్కి పోయి, కనకరాజు పక్కన, ఇనుప నేల మీద కూర్చున్నాడు.

జీపు కదిలింది. మిగిలినవాళ్ళు వెనకే నడిచారు. స్టేషను దాకా మూడు కిలోమీటర్లు. ఎండలో, చెప్పులు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, రెండు వరసల్లోనే నడిచారు. స్టేషను ముందు అట్లాగే కూర్చున్నారు. ముందు వరసలో ఆ జాగా అట్లాగే ఉంది.

హన్మయ్యను సాయంత్రం వదిలారు. కనకరాజును వదల్లేదు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు నాచారం గోదాంలో దయాకర్‌వే ఇంకో రెండు బండ్లు ఖాళీగా నిలబడి ఉన్నాయి. ఆ రెండు ముఠాలవాళ్ళకు ఎవరూ కబురు పెట్టలేదు. గ్రేసీ ఫోనులో దయాకర్ గొంతు రాత్రికి రాత్రే ఫోన్ల వెంట తిరిగింది. వాళ్ళు కూడా సీదా సైట్లకు పోయి నిలబడ్డారు, చేతులు ఊపుకుంటూ. వారం తిరక్కుండా మల్లాపూర్‌లో పైపులు బిగించేవాళ్ళు, జనరేటర్లు మోసేవాళ్ళు తమ బండ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కౌసల్యమ్మ కేసు లేబర్ ఆఫీసులో పడింది. వాయిదాలు పడుతున్నాయి. కనకరాజు జైల్లో ఉన్నాడు. ముఠాలో ఎవరికీ పని లేదు. స్టేషను ముందు మాత్రం రోజూ రెండు వరసలు ఉంటున్నాయి.

జీవన్ కుమార్ మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర మీటింగ్ పెట్టాడు. కార్మికులు వచ్చారు. ఘట్‌కేసర్ కాలేజీల నుంచి పిల్లలు వచ్చారు. హన్మయ్య మాట్లాడాడు. రూలు గురించి, మోకు గురించి, తను చదివి పెట్టిన సంతకం గురించి చెప్పాడు. దిగబోతుంటే ఒక విద్యార్థిని, ఆ ముందు సీటు సంగతి కూడా చెప్పు తాతా, అదే అందరికీ తెలియాలి అన్నది. జీవన్ కుమార్ కూడా చెప్పమన్నట్టు చూశాడు.

హన్మయ్య మైకు అతని చేతికి ఇచ్చేశాడు.

"ఒక్కపారి జెప్పిన. జెప్పాల్సిన కాడ జెప్పిన. ఇగ సచ్చేదాక ఆ మాట నా నోట్లకెళ్ళి రాదు. అడగకుండ్రి."

దిగి పోయి, జనంలో కింద కూర్చున్నాడు.